కింది దారం

తెగిన పట్టీలు రెండూ కుట్టుమిషను బల్ల మీద పడేసి, "ఎలుకలు కొరికినయ్ అంబాదాస్," అన్నాడు కిషన్‌రావు శేట్. "షోకేసుల బొమ్మను కూసోబెడుదామనుకుంటున్న. అతుకు కనబడకుండ కుట్టు."

నాందేడ్‌లో వర్క్‌షాప్ కార్నర్ దాటి కొంచెం లోపలికి వెళ్తే శేట్ కార్ల సామాన్ల దుకాణం. ముందు అద్దాల గది. అందులో స్టీరింగు కవర్లు, డాష్‌బోర్డు మీద పెట్టుకునే దేవుళ్లు, సెంటు సీసాలు. వెనక రేకుల షెడ్డు. ఆ షెడ్డులో మిషను ముందు కూర్చుని ఇరవై రెండేళ్లుగా అంబాదాస్ కార్ల సీట్లకు కవర్లు కుడుతున్నాడు. ఈ జిల్లాలో కారెక్కిన ప్రతి పెద్దమనిషీ మా అంబాదాస్ కుట్టు మీదే కూర్చుంటాడని శేట్ గిరాకీల ముందు అనేవాడు. యజమాని పొగడ్త కూడా జీతంలో భాగమే అనుకునే మనుషులు కొందరుంటారు. అంబాదాస్ ఆ కోవలోవాడు.

అతను పట్టీని వేళ్ల మధ్య తిప్పి చూశాడు. పసిపిల్లల్ని కారులో కూర్చోబెట్టే చిన్న సీటు పట్టీలవి. రెండు భుజాల మీదుగా దిగి కాళ్ల మధ్య బకిల్‌లో పడతాయి. ఎలుక కొరికితే అంచు పీచుపీచుగా లేస్తుంది. ఈ అంచు ఏటవాలుగా, నున్నగా ఉంది. రెండో పట్టీ అంచూ అంతే. అంబాదాస్ తలెత్తాడు. శేట్ ఫోనులో ఏదో చూసుకుంటున్నాడు. బొమ్మకు కదా, ఎలుకైతేనేం కత్తైతేనేం అనుకుని అంబాదాస్ తల దించేశాడు.

పట్టీలు తెగింది భుజం దగ్గర, సీటు వీపులో ఉన్న చీలికలోకి దూరే చోట. అక్కడ అతికితే, బిగించాక అతుకు సీటు వెనక్కి పోయి దాక్కుంటుంది. రెండు ముక్కల్నీ ఒకదాని మీదొకటి పెట్టి, నాలుగు వైపులా డబ్బాలాగా కుట్టి, మధ్యలో మూల నుంచి మూలకు రెండు గీతలు లాగాలి. అలా కుట్టిన అతుకు లారీకి కట్టి లాగినా ఊడదు. మిషను మీద నల్లదారమే ఉంది. కింది దారం వచ్చే బాబిన్ చుట్టలో మాత్రం నిన్న ఒక డాక్టరుగారి కారుకు వాడిన మెరూన్ దారం మిగిలింది. నల్ల బాబిన్ చుట్టుకోవాలంటే అయిదు నిమిషాల పని. పైనుంచి చూసేవాడికి నలుపే కనబడుతుంది, కింది దారం ఎవడు చూస్తాడు? బొమ్మకు కదా. మెరూన్ మీదే కుట్టేశాడు.

ఆ మధ్యాహ్నమే స్నేహల్ వచ్చింది. వెంట మొగుడు శుభం, చంకలో అయిదు నెలల కొడుకు. ఆమెది అదే జిల్లాలో తెలంగాణ సరిహద్దున ఉన్న హిమాయత్‌నగర్, నాందేడ్ కాలేజీలో పాఠాలు చెప్తుంది. పిల్లవాడి కోసం కారు సీటు కావాలంది. శేట్‌తో మరాఠీలో మొదలుపెట్టిన మనిషి, అంబాదాస్ నోట తెలుగు వినగానే తెలుగులోకి దిగిపోయింది.

"మనోళ్లేనా కాకా? అయితే నువ్వే చెప్పు. మా అత్తమ్మ ఒళ్లె పెట్టుకుంటె సాలదా అంటది."

"ఒళ్లె పెట్టుకుంటె ప్రేమ ఉంటదమ్మా, పట్టు ఉండదు," అన్నాడు అంబాదాస్. "బ్రేకు పడ్డదనుకో, ఎవల చెయ్యి ఆగుతది?"

ఒకప్పుడు కంపెనీ మనిషి వచ్చి ఒక పూట నేర్పిన విద్య అది. దుకాణంలో ఇంకెవరికీ పట్టలేదు, అంబాదాస్‌కు పట్టింది. ముందు గదిలో ఉన్న కొత్త సీటును అతనే శుభం వాళ్ల కారులోకి మోసుకెళ్లి వెనక సీటు మీద, పిల్లవాడి ముఖం కారు వెనక్కి ఉండేలా పెట్టాడు. కారు బెల్టును ఆ సీటు మీది నీలం గుర్తుల గుండా దూర్చాడు. మోకాలితో సీటును అదిమిపట్టి బెల్టు గుంజాడు.

"ఇగో, ఇక్కడ పట్టుకొని ఊపు. అంగుళం కన్న ఎక్కువ కదిలితే ఇంక బిగియ్యాలె. పట్టీ ఏ చీలికలకెళ్లి అస్తున్నదో చూడు. పిల్లగాని భుజానికి సరిగనో, ఒకింత కిందనో ఉండాలె. మీదికెళ్లి అస్తె దెబ్బ తాకినప్పుడు పిల్లగాడు పైకి జారుతడు. ఇగ బిగిచ్చినంక రెండేళ్లతోని గిల్లి చూడు."

"పిల్లగాన్నా?" అన్నాడు శుభం.

"పట్టీని సార్. గిల్లితె మడత అస్తె వదులున్నట్టు. వేళ్లు జారిపోవాలె."

స్నేహల్ తన చేత్తో అన్నీ మళ్లీ చేసి చూసుకుంది. ఈ రంగు వద్దు, బూడిద రంగు తెప్పించండి, శనివారం వస్తామని శేట్‌కు చెప్పింది. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "కాకా, ఆ రోజు నువ్వే బిగియ్యాలె. నీ చెయ్యి మీదనే భరోసా," అంది. అంబాదాస్‌కు ఆ మాట సాయంత్రం దాకా చెవిలో మోగుతూనే ఉంది.

*

బుధవారం దుకాణం సర్దే వేళకు శేట్ పనివాళ్లందరినీ ముందు గదిలోకి పిలిచాడు. బల్ల మీద ఒక శాలువా, కొబ్బరికాయ, వాటి పక్కన నీలం గుడ్డ తొడిగిన పిల్లల కారు సీటు ఉన్నాయి.

అంబాదాస్ కూతురు సాయలి పురిటికి వచ్చి నాలుగు నెలలైంది. శనివారం ఆడపిల్లను తీసుకుని కిన్వట్ పక్కన గోకుందలో అత్తగారింటికి వెళ్లాలి. అల్లుడు గజానన్ కిన్వట్, నాందేడ్ మధ్య సొంత కారు కిరాయికి తిప్పుతాడు. ఆ కారులోనే ప్రయాణం. ఇదంతా శేట్‌కు తెలుసు. శనివారం గంట ఆలస్యంగా వస్తానని అంబాదాస్ ముందే అడిగి పెట్టుకున్నాడు.

"తల్లిగారోళ్లు తొట్టెల పెట్టి పంపుడు మన రివాజు," అన్నాడు శేట్ శాలువా కప్పుతూ. "కార్ల పొయ్యే పిల్లకు తొట్టెల అంటే గిదే. మా మనవడు రెండు నెలలు కూసున్నడు దీంట్ల. పాతదని మనసుల పెట్టుకోకు."

"పాతదైతేనే మంచిది శేట్," అన్నాడు అంబాదాస్. ఇరవై రెండేళ్లకు ఒక శాలువా. దానికే కళ్లు తుడుచుకున్నాడంటే నవ్వేవాళ్లు నవ్వవచ్చు. నవ్వేవాళ్ల భుజం మీద ఎవరూ శాలువా కప్పి ఉండరు.

ఆటోలో సీటును ఒళ్లో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. భార్య సుమిత్రాబాయి గుమ్మంలోనే ఆపి, సీటుకు చెంబుతో నీళ్లు తిప్పి పోసింది. పాతదని విన్నాక ఆమె ముఖం ఇంకా విప్పారింది. పుట్టిన బిడ్డకు మొదట పాత బట్టే తొడుగుతారు, కొత్తదైతే దిష్టి. అలాగని ఏ ఇంటి నుంచి పడితే ఆ ఇంటి నుంచి తేరు. ఆడుతూ పాడుతూ, రోగం రొష్టు లేకుండా తిరిగే పిల్ల ఉన్న ఇల్లు చూసి అడిగి తెస్తారు. ఆ పిల్ల ఆయుష్షు ఈ పిల్లకు తాకాలని. సాయలి కూతురికి కూడా మొదటి జుబ్బా వెనక వీధిలో బంతిలా దొర్లే పిల్లవాడిదే తెచ్చారు.

"శేట్ మనవడు మంచిగ బొద్దుగ ఉంటడు," అంది సుమిత్రాబాయి. "వాని ఆయుష్షే మన పిల్లకు."

సీటు పైన పట్టుకునే పిడి మీద ఒక గీరు ఉంది, చిటికెన వేలంత పొడవు. ఆమె పసుపు తడిపి పిడికి రాసింది, గీరులోకి కూడా వేలితో అద్దింది. పైన కుంకుమ బొట్టు పెట్టింది.

*

గురువారం పొద్దున గజానన్ కారుతో వచ్చాడు. శనివారం హడావుడి పడకుండా ఇవాళే బిగించి చూద్దామన్నాడు అంబాదాస్. కారు ఇంటి ముందు నీడలోకి పెట్టించి, వెనక తలుపు తెరిచి, సీటు లోపల పెట్టాడు.

"మామా, ఎనుకకు మల్లేసి పెడుతున్నవేంది?" అన్నాడు గజానన్. "పిల్ల రోడ్డు చూడదా?"

"రోడ్డు నువ్వు చూడు బిడ్డా. అది పండుకుంటది."

సాయలి నవ్వుతూ పాపను తెచ్చింది. పాపను బొంతలో చుట్టి ఉంది. సుమిత్రాబాయి పాత చీరలు, ఆమె తల్లి పాత చీరలు కలిపి కుట్టిన బొంత అది, చెయ్యి మందం ఉంటుంది. అంబాదాస్ పాపను అందుకుని బొంత తీసి పక్కన పెట్టాడు.

"చల్లగాలికి బొంత తీస్తవా?" అని సుమిత్రాబాయి ముందుకొచ్చింది.

"బొంత మీద పట్టీ బిగిస్తె పట్టీ బొంతను పట్టుకుంటది గని పిల్లను కాదు. బిగిచ్చినంక మీదికెళ్లి కప్పు, ఎవలు వద్దన్నరు?"

ఆమె ఏదో గొణిగి బొంతను మడత పెట్టుకుంది. అంబాదాస్ పాపను సీటులో దింపాడు. పిరుదులు అడుగుకు తగిలేలా సర్ది, చేతుల్ని పట్టీల్లోంచి తీశాడు. బకిల్ టక్కున పడింది. పాప తాత చొక్కా గుండీ పట్టుకుని వదల్లేదు. పట్టీ పాప భుజాల కన్నా రెండు వేళ్లు ఎత్తులోంచి వస్తోంది. కింది చీలికలోకి మార్చాలి. అది తర్వాత చూద్దామని ముందు బిగించే పట్టీ లాగి చూశాడు. కొంత దూరం వచ్చి ఆగింది. గట్టిగా లాగాడు. ఏదో మందంగా చీలికకు అడ్డం పడి రానంటోంది. భుజం దగ్గర గిల్లాడు. మడత ఇంత లావున వేళ్ల మధ్యకు వచ్చింది.

"ఒక్క నిమిషం," అన్నాడు. పాపను తీసి సాయలికి ఇచ్చి, సీటును బయటికి తెచ్చి అరుగు మీద బోర్లించాడు. వెనక గుడ్డకు ఉన్న రబ్బరు అంచు లేపాడు.

చీలిక అంచున అతుకు ఇరుక్కుని ఉంది. డబ్బా కుట్టు, మధ్యలో మూల నుంచి మూలకు రెండు గీతలు. పైన నలుపు. వేలితో తిప్పి కింది వైపు చూశాడు. మెరూన్.

ఎవరి చేతిరాత వాళ్లు గుర్తుపట్టినట్టే ఎవరి కుట్టు వాళ్లు గుర్తుపడతారు. గుర్తుపట్టనట్టు ఉండాలని ఒక్క క్షణం అంబాదాస్ నిజంగానే కోరుకున్నాడు. గుడ్డ ఇంకొంచెం లేపాడు. ప్లాస్టిక్కు మీద, బిడ్డ నడుము ఆనే చోట, ఒక తెల్లటి గీత అడ్డంగా పాకి ఉంది. వంగి విరగబోయి ఆగిన ప్లాస్టిక్కు అలా తెల్లబడుతుంది. ఏటవాలుగా, నున్నగా తెగిన ఆ అంచులు కళ్ల ముందుకొచ్చాయి. అవి ఎందుకు అలా తెగాయో ఇప్పుడు అతనికి అర్థమైంది. లోపల ఒక బిడ్డ ఉండగా, బకిల్ తీసే వ్యవధి లేక, ఎవరో కత్తి పెట్టి కోశారు.

"ఏమైంది బాపూ?" అంది సాయలి.

"ఇది శేట్ మనవనిది కాదు," అన్నాడు అంబాదాస్. "గుద్దుకున్న కారుదో ఏందో. నేనే కుట్టిన. బొమ్మకని చెప్పి నాతోనే కుట్టిచ్చిండు."

సుమిత్రాబాయి పిడి మీద వేలు పెట్టింది. తను రాసిన పసుపు వైపు చూసింది. తర్వాత పాపను సాయలి చేతుల్లోంచి లాక్కున్నంత పని చేసి గుండెకు అదుముకుంది.

"నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనయట," అంది. "గా శాలువా గూడ తీస్కపోయి ఆయన మొకానే పెట్టు."

శాలువా తీసుకెళ్లలేదు గానీ, సీటు తీసుకుని అంబాదాస్ దుకాణానికి వెళ్లాడు. చేరేసరికి మధ్యాహ్నం భోజనాల వేళ అయింది. శేట్ ఒక్కడే అద్దాల గదిలో డబ్బా విప్పుకుని కూర్చున్నాడు. అంబాదాస్ సీటును బల్ల మీద బోర్లించి, గుడ్డ లేపి, మెరూన్ దారం మీద వేలు పెట్టాడు.

శేట్ ముద్ద నోట్లో పెట్టుకోకుండానే దించాడు. కోపం తెచ్చుకోలేదు. కోపం వస్తే బాగుండేది, ఎదురు మాట్లాడటానికి వీలుండేది.

"భంగార్ యార్డ్‌ల దొరికింది అంబాదాస్," అన్నాడు మెత్తగా. "పాత ఇనుముతోని అచ్చింది. అన్ని మంచిగనే ఉన్నయ్, పట్టీలే తెగినయ్. నీ కుట్టు నాకు తెల్వదా? కంపెనీ కుట్టు కన్న మజ్బూత్. అయినా పిల్లలకు పాతదే తొడుగుతం గదా మనం."

"పాత బట్ట ఆడుకునే పిల్లది తెస్తం శేట్," అన్నాడు అంబాదాస్. "ఇది ఏ పిల్లది? ఆ పిల్ల యాడున్నది ఇప్పుడు?"

"కార్ల పిల్ల లేకుండె అన్నడు యార్డోడు."

"పిల్ల లేకుంటె పట్టీలెందుకు కోస్తరు?"

శేట్ డబ్బా మూత పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. తర్వాత లేచి చెయ్యి కడుక్కుని, అటక మీంచి ఒక పెట్టె దింపి అంబాదాస్ ముందు పెట్టాడు.

"కొత్తది. టేపు గూడ తియ్యలే. నీ మనవరాలు నా మనవరాలు కాదా? తప్పయింది. దాన్ని ఇయ్యాలనే పారేస్త, బాలాజీ మీద ఆన." లేచి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "ఇరవై రెండేండ్లల్ల నీకు ఎన్నడన్న అన్యాయం చేసిన్నా?"

అంబాదాస్ తల అడ్డంగా ఊపాడు. చేసింది ఎదురుగా బల్ల మీద బోర్లా పడి ఉన్నా, ఆ ప్రశ్న వేసిన తీరు అలాంటిది. కత్తెర చొక్కా జేబులోనే ఉంది. నాలుగు కోతలు కోస్తే ఆ సీటు కథ అక్కడితో ముగిసేది. శేట్ ఆన పెట్టుకున్నాక కూడా కత్తెర తీయడం అంటే మనిషిని ముఖం మీద కొట్టినట్టే అనిపించింది. కొత్త పెట్టె ఎత్తుకుని ఇంటికి వెళ్లిపోయాడు. దారిలో, తానే తొందరపడి పెద్ద మాట అన్నానేమోనని కూడా అనుకున్నాడు.

కొత్త సీటు పాపకు అమర్చినట్టు సరిపోయింది. పట్టీలు కింది చీలికలోనే ఉన్నాయి, భుజానికి సమంగా. గిల్లితే వేళ్లు జారాయి. వెనక గుడ్డ విప్పే పనే పడలేదు.

*

శనివారం తొమ్మిదింటికి వాళ్లు బయల్దేరారు. అంబాదాస్ పాపను తన చేత్తో కూర్చోబెట్టాడు. బొంతను పైన కప్పాడు. సుమిత్రాబాయి ఏడుస్తూనే, "బొంత జారితె సూస్కో," అని సాయలికి మూడుసార్లు చెప్పింది. కారు మలుపు తిరిగిపోయాక అంబాదాస్ సైకిల్ తీసుకుని దుకాణానికి వచ్చాడు. రెండు రోజుల తర్వాత మనసు తేలిగ్గా ఉంది.

పదిన్నరకు శుభం కారు దుకాణం ముందు ఆగింది. "అంబాదాస్!" అని శేట్ అద్దాల గదిలోంచి కేకేశాడు. "మేడం అచ్చింది, జెర బిగిచ్చియ్యి!"

అంబాదాస్ చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి సీటు అప్పటికే కారు పక్కన బల్ల మీద ఉంది. బూడిద రంగు గుడ్డ, కొత్తది, మడతలు కూడా విప్పుకోలేదు. స్నేహల్ చంకలో పిల్లవాడు చెయ్యి నోట్లో పెట్టుకుని చూస్తున్నాడు.

"కాకా, మొన్న నువ్వు చెప్పినయి అన్ని మా అత్తమ్మకు జెప్పిన," అంది స్నేహల్. "నేను చేస్త, తప్పుంటే చెప్పు."

"చెయ్యమ్మా," అంటూ అంబాదాస్ సీటును పిడి పట్టుకుని ఎత్తాడు. వేలి కింద గరుకుగా తగిలింది. పిడి తిప్పి చూశాడు. చిటికెన వేలంత గీరు. తుడిచారు, బాగానే తుడిచారు, కానీ గీరు లోపల సన్నగా పసుపు మిగిలింది.

తలెత్తి అద్దాల గదిలోకి చూశాడు. శేట్ కూడా ఇటే చూస్తున్నాడు. వద్దని తల ఊపలేదు, బెదిరించలేదు. తెలిసిన మనిషిని చూసినట్టు చూస్తున్నాడంతే. నీ సంగతి నాకు తెలుసు, నువ్వు ఏమీ అనవు అన్నట్టు. ఆ చూపుకే అంబాదాస్‌కు మండిపోయింది. నిన్నటిదాకా ఆ లెక్క నిజమే మరి.

"అమ్మా," అన్నాడు. "కూసోబెట్టే ముందుగాల పట్టీ ఏ చీలికలకెళ్లి అస్తదో చూడాలని చెప్పిన గద. ఎనుకకు తిప్పు. గుడ్డ లేపు. నీ చేతితోనే లేపు."

స్నేహల్ పిల్లవాణ్ని శుభం చేతికిచ్చి సీటు బోర్లించింది. రబ్బరు అంచు లేపింది. కాసేపు చూసి, వేలితో తాకింది.

"ఇదేంది కాకా, అతుకున్నది? పైన నల్లగ, కింద ఎర్రగ?"

"అది నా కుట్టమ్మా," అన్నాడు అంబాదాస్. "గుద్దుకున్న కారుది ఈ సీటు. పట్టీలు కోసి అందులకెళ్లి పిల్లను తీసిండ్రు. నేను అతికిన. నడుముకాడ తెల్ల గీత చూడు, అక్కడ చిట్లింది."

శేట్ బయటికి వచ్చాడు. చుట్టూ చూశాడు. పక్క దుకాణం ముందు ఇద్దరు నిలబడి ఉన్నారు. "అంబాదాస్, లోపటికి రా, మాట్లాడుదం," అన్నాడు. అంబాదాస్ కదల్లేదు. శేట్ మెత్తదనం అప్పుడు ఊడింది. "నీ మనవరాలికి కొత్తది ఇచ్చిన్నా లేదా? పైస తీస్కున్ననా? ఇంక నీకేంది బాధ?"

స్నేహల్ అంబాదాస్ ముఖంలోకి చూసింది. మొన్న చెయ్యి మీద భరోసా అన్న మనిషి చూపు కాదది. ఆ చూపును తప్పించుకోవడానికి ఒక అబద్ధం చాలు. అంబాదాస్‌కు ఆ అబద్ధం ఆడబుద్ధి కాలేదు.

"అవునమ్మా," అన్నాడు. "ముందుగాల నా మనవరాలికే ఇచ్చిండు దీన్ని. నేను గుర్తుపట్టి వాపస్ తెచ్చిన. కొత్తది ఇచ్చిండు, తీస్కొని పోయిన. దీన్ని పారేస్త అన్నడు, నమ్మిన. నా పిల్లకు తప్పింది గదా అని మల్ల అడగలే."

శుభం మరాఠీలో గట్టిగా మొదలుపెట్టాడు. శేట్ కూడా గొంతు లేపాడు. మధ్యలో పిల్లవాడు ఏడుపు అందుకున్నాడు. అంబాదాస్ ఇదేదీ విననట్టు జేబులోంచి కత్తెర తీసి, బల్ల ముందు వంగి, ఒక పట్టీని అతుకు మీదే పట్టుకుని కోశాడు. తన కుట్టు ఎంత గట్టిదో తన చేతికే తెలిసింది. రెండు చేతులతో నొక్కితే గానీ తెగలేదు. రెండోది కోశాడు. కాళ్ల మధ్య పట్టీ కూడా కోశాడు.

"రేపటి నుంచి రాకు నువ్వు," అన్నాడు శేట్.

"నిన్ననే రాకుండ ఉండాల్సింది," అన్నాడు అంబాదాస్. "బాలాజీ మీద ఆన పెట్టినవ్ నువ్వు." ఇరవై రెండేళ్లలో శేట్‌ను నువ్వు అనడం అదే మొదలు. అంబాదాస్ అది గమనించనే లేదు.

కత్తెర జేబులో పెట్టుకుంటుంటే ఒక విషయం తట్టి చెయ్యి ఆగిపోయింది. కొత్త పెట్టె మీద టేపు. టేపు కూడా తియ్యలేదన్నాడు శేట్. కంపెనీ పెట్టెలకు తెల్లటి టేపు, దాని మీద కంపెనీ పేరు ఉంటుంది. తాను ఇంట్లో చింపింది ఖాకీ టేపు. దుకాణంలో పార్సిళ్లకు వేసేది అదే. లేక తెల్లదేనా? ఎంత గుర్తు చేసుకున్నా తెలియలేదు. ఆ రోజు చూడలేదు. చూడాల్సిన పని ఉందని అనుకోలేదు.

దుకాణం మెట్టు మీద కూర్చుని ఫోను తీశాడు. తొందరలో రెండుసార్లు వేరేవాళ్లకు పోయింది. మూడోసారి గజానన్ ఎత్తాడు.

"భోకర్ దాటినం మామా. పిల్ల మంచిగ పండుకున్నది."

"బండి పక్కకు ఆపు."

"ఏమైంది?"

"ఆపు బిడ్డా. రోడ్డు దిగి ఆపు. పాపను తీసి సాయలికియ్యి. సీటు బయటికి తియ్యి. ఎనుకకు తిప్పి గుడ్డ లేపు."

ఫోనులో కారు తలుపు చప్పుడైంది. ఒక లారీ రయ్యిన పోయింది. పాప నిద్ర చెడి ఏడ్వడం, సాయలి ఊరుకోబెట్టడం వినబడ్డాయి. స్నేహల్ కొడుకును భుజాన వేసుకుని వచ్చి అంబాదాస్ పక్కన నిలబడింది. ఆమెకు చెప్పకుండానే సంగతి అర్థమైంది.

"లేపిన మామా. ఏం చూడాలె?"

"పట్టీకి అతుకున్నదా?"

"లేదు. కంపెనీ కుట్టే ఉన్నది చివర్ల."

"దారం ఏం రంగు?"

"నలుపు."

"కిందికెళ్లి తిప్పి చూడు. కింది దారం."

గాలి చప్పుడులోంచి గజానన్ పట్టీ తిప్పుతున్న గరగర వినబడింది.

"కింద గూడ నలుపే మామా. రెండు దిక్కుల నలుపే."

"ప్లాస్టిక్కు మీద తెల్ల గీత ఉన్నదా?"

"ఏం లేదు. కొత్తగనే ఉన్నది. ఇగ పోదమా? ఎండ పడుతున్నది పిల్ల మీద."

అంబాదాస్ కళ్లు మూసుకున్నాడు. స్నేహల్ ఊపిరి వదలడం వినిపించింది. అల్లుడు అబద్ధం ఆడే మనిషి కాదు. కళ్లు కూడా బాగానే కనబడతాయి. పోండి బిడ్డా అనాలి, అంతే. ఆ ఒక్క మాట ఎంత ప్రయత్నించినా నోటికి రాలేదు.

"ఇంకోసారి చూడు," అన్నాడు.